తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఆ సినిమా ఎందుకు చూపించామంటే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం మధ్యాహ్నం తొమ్మిది, పది తరగతుల పిల్లలను, ఆడపిల్లలను మగపిల్లలను కలిపే, బడి హాల్లో కూర్చోబెట్టి ‘గ్రెగరీస్ గర్ల్’ అనే సినిమా చూపించాం. ఇంటికొచ్చి వాళ్ళు మీకేం చెప్పారో కానీ ఆదివారం పొద్దటి నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. "పదో తరగతి పరీక్షలు ముందర పెట్టుకుని ప్రేమ సినిమా ఏంది మేడమ్" అని. అడగడం మీ హక్కు, నాకు కోపమేమీ లేదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అందరికీ ఒకేసారి రాస్తే నయమనిపించి, ఈ నెల హాజరు, ఫీజుల సంగతులు వెనక పేజీలోకి జరిపి దీన్ని ముందు పెట్టాను.

ముందు ఆ సినిమా ఏంటో చెప్తాను. 1981లో వచ్చింది. స్కాట్లాండ్‌లో గ్లాస్గోకు దగ్గర్లో కంబర్నాల్డ్ అని ఒక ఊరుంది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్లాన్ వేసి కట్టిన కొత్త టౌను, అక్కడి ఒక మామూలు హైస్కూల్లో జరిగే కథ. దర్శకుడు బిల్ ఫోర్సిత్ చాలా తక్కువ డబ్బుతో తీశాడు, నటించిన పిల్లల్లో చాలామంది గ్లాస్గో యూత్ థియేటర్‌లో నాటకాలు వేసుకునేవాళ్ళు. ఆ స్క్రిప్టుకు బ్రిటన్‌లో ఇచ్చే పెద్ద సినిమా అవార్డు, బాఫ్టా వచ్చింది.

గ్రెగరీ అనే పొడుగు కుర్రాడు బడి ఫుట్‌బాల్ టీములో ఆడుతుంటాడు, ఆ టీమేమో ఎప్పుడూ ఓడిపోతుంటుంది. కొత్తవాళ్ళ కోసం కోచ్ ట్రయల్స్ పెడితే డొరొతీ అనే అమ్మాయి వచ్చి నిలబడుతుంది. ఇవి మగపిల్లలకని కోచ్ అంటాడు. ఆమె వెనక్కి తగ్గదు, పరుగు తీయమంటే అందరికంటే ముందుంటుంది, బంతి కొట్టమంటే అందరికంటే బాగా కొడుతుంది. చివరికి గ్రెగరీ చోటు ఆమెకే పోతుంది, ఇతన్ని గోల్‌కీపర్‌గా వెనక్కి పంపుతారు. తన చోటు తీసుకున్న పిల్ల మీద కోపం రావాలి కదా, రాదు, ఆమె మీదే మనసు పారేసుకుంటాడు. అక్కడి నుంచి నవ్వులే నవ్వులు. మన పిల్లలైతే పొట్ట పట్టుకుని నవ్వారు.

నాకు ఇందులో బాగా నచ్చింది ఆ తర్వాత జరిగేది. గ్రెగరీ కిందా మీదా పడి, ధైర్యం చేసి ఆమెను ఒక సాయంత్రం కలుద్దామా అని అడుగుతాడు, ఆమె సరేనంటుంది. దోస్తు దగ్గర తెల్ల కోటు అడుక్కుని వేసుకుని వెళ్తాడు. ఆమె రాదు. ఆమె స్నేహితురాలు ఒకరు వస్తారు, ఆ స్నేహితురాలు ఇతన్ని ఇంకొకరికి అప్పజెప్తుంది, ఆ అమ్మాయి తీసుకెళ్ళి సూసన్ అనే మూడో అమ్మాయి దగ్గర వదిలేస్తుంది. సూసన్‌కు అతనంటే ఇష్టమని ఆ అమ్మాయిలందరికీ ముందే తెలుసు, ఇతనికే తెలియదు. ఇద్దరూ పార్కులో గడ్డి మీద పడుకుని, పడుకున్నచోటే చేతులూపుతూ డాన్సు చేస్తూ, ఏవేవో మాట్లాడుకుంటారు. అంతే కథ. డొరొతీ రాలేదని గ్రెగరీ ఆమె ఇంటి ముందుకు వెళ్ళి అరవడు, చెయ్యి కోసుకోడు, నలుగురు దోస్తులను వెంటేసుకుని వెళ్ళి బెదిరించడు. ఆమె దారి ఆమెది, ఆమె ధ్యాసంతా బంతి మీదే.

మన పిల్లలు చూసే సినిమాలు మీకూ తెలుసు. అమ్మాయి వద్దన్నాకొద్దీ బస్‌స్టాప్ దాకా, కాలేజీ దాకా వెంటపడితే ఆఖరికి ఒప్పుకుంటుందని చూపించే సినిమాలు ఎన్ని వచ్చాయో లెక్కలేదు. పద్నాలుగేళ్ళ పిల్లవాడు అదే నిజమనుకుంటే తప్పు వాడొక్కడిదే ఎట్లా అవుతుంది? ఇంకోలా కూడా ఉండొచ్చని వాడికి ఒకసారి చూపించాలి కదా. దాని కోసమే ఈ సినిమా.

ఒక సంగతి దాచను. సినిమా మొదట్లో మగపిల్లలు చాటున నిలబడి, బట్టలు మార్చుకుంటున్న ఒక నర్సును కిటికీలోంచి చూసే సీన్ ఉంది. దాన్ని తీసేసి చూపించాం, తీసేశామని, ఎందుకు తీసేశామో కూడా పిల్లలకు చెప్పాం. ఆ కాలంలో దాన్ని చిలిపితనం అనుకుని తీశారు, మన దేశంలో ఈ రోజు అది నేరం. అట్లా చాటుగా చూడటం, ఫోటో తీయటం, వద్దన్నాక వెంటపడటం, ఇవన్నీ 2013లో చట్టం మార్చినప్పటి నుంచి శిక్ష పడే నేరాలే. మన రాష్ట్రంలో ఆడపిల్లలను వేధించేవాళ్ళను పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్, 2014 నుంచి పనిచేస్తున్నాయి, వరంగల్‌లోనూ ఉన్నాయి. చేతిలో ఫోన్ ఉన్న మగపిల్లవాడు మీ ఇంట్లో ఉంటే ఈ మాట మీరు కూడా ఒకసారి చెప్పండి. తల్లి చెప్పడం వేరు, తండ్రి చెప్పడం వేరు, ఇద్దరూ చెప్పండి.

ఇక అసలు మాటకొస్తాను. మీ బిడ్డకు ఈ వయసులో ఎవరో ఒకరు నచ్చుతారు. నచ్చకుండా ఆపడం నా వల్ల కాదు, మీ వల్ల కూడా కాదు. అది తెలిసిన రోజు ఇంట్లో ఏం జరుగుతుందన్నదే నా టెన్షన్. మగపిల్లవాడైతే నాలుగు దెబ్బలు కొట్టో, ఫోన్ లాక్కునో వదిలేస్తారు. ఆడపిల్ల అయితే బడి మాన్పిస్తారు, మేనమామ ఇంటికి పంపిస్తారు, సంబంధాలు చూడటం మొదలుపెడతారు. పద్దెనిమిదేళ్ళు నిండకుండా ఆడపిల్లకు పెళ్ళి చేయడం నేరమని అందరికీ తెలుసు, అయినా పరువు అనే మాట రాగానే ఆ తెలివి ఎటు పోతుందో నాకు అర్థం కాదు. నోట్‌బుక్‌లో ఒక పేరు దొరికిందని చదువుకునే పిల్లను బడి మాన్పించకండి. ఆ రోజు నా దగ్గరికి రండి, కోపంగా ఉన్నా సరే రండి, ఇంకెవరికీ తెలియకుండా మాట్లాడుకుందాం. పిల్లలకు కూడా పిల్లల సాయం కోసమే ఉన్న 1098 హెల్ప్‌లైన్ నంబరు చెప్పాం, ఇంట్లోనో బయటో భయమేస్తే వాళ్ళే ఫోన్ చేయొచ్చని. మీ మీద నమ్మకం లేక చెప్పలేదు, ప్రతి పిల్లకూ తెలియాల్సిన నంబరు కాబట్టి చెప్పాం.

గ్రెగరీ తన బాధంతా ఎవరికి చెప్పుకుంటాడో తెలుసా, పదేళ్ళ చెల్లెలు మ్యాడలిన్‌కు. బట్టలు ఎట్లా వేసుకోవాలి, ఏం మాట్లాడాలి, అన్నీ ఆ చిన్నపిల్లే నేర్పుతుంది, ఒక్కసారి కూడా ఎగతాళి చేయదు. అదే గ్రెగరీ, చెల్లెలి కోసం ఒక చిన్నపిల్లవాడు ఇంటికొస్తే గుమ్మంలోనే నిలబెట్టి గట్టిగా మందలిస్తాడు! తనకైతే ప్రేమ, చెల్లెకైతే కాపలా. ఆ సీన్‌కు మన హాల్లో ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు, అన్నలున్న పిల్లలైతే మరీ గట్టిగా. ఎందుకు కొట్టారో ఇంట్లో ఒకసారి అడిగి చూడండి.

తండ్రి కూడా ఉన్నాడు ఆ సినిమాలో. డ్రైవింగ్ నేర్పే మాస్టారు. కొడుకూ ఆయనా ఒకే ఇంట్లో ఉంటారు కానీ ఎదురుపడటమే అరుదు, తల్లి మనకు కనిపించనే కనిపించదు. నవ్విస్తూనే చెప్తారు కానీ నాకు అక్కడ మన ఇళ్ళే గుర్తొచ్చాయి. కాజీపేటలో రైల్వే డ్యూటీలు, మార్కెట్‌లో మిర్చి సీజను, ఆసుపత్రుల్లో నైట్ షిఫ్టులు, మీ కష్టం నాకు తెలుసు. రోజుకో గంట కేటాయించండి అనే మాట నేను అనలేను. రాత్రి అన్నం మాత్రం ఫోన్లు పక్కన పెట్టి కలిసి తినండి, మార్కుల ఊసు ఎత్తకుండా. మార్కులు కాకుండా ఇంకేదైనా మాట్లాడే అమ్మకు, బాపుకు పిల్లలు చాలా చెప్తారు.

యాస గురించి కూడా ఒక్క మాట. ఆ సినిమాలో పిల్లలు వాళ్ళ ఊరి స్కాటిష్ యాసలోనే మాట్లాడతారు, అమెరికాలో విడుదల చేసేటప్పుడు అక్కడివాళ్ళకు అర్థం కాదని కొంత మార్చి డబ్బింగ్ చేశారు. చెప్పగానే మన పిల్లలకు చురుక్కుమంది. మన యాసలోనే రాయాలన్న కవి కాళోజీ తిరిగిన ఊరు మనది, ఇక్కడ పిల్లలు తమ మాట తాము సిగ్గుపడకుండా మాట్లాడాలి. పర్వతగిరి వైపు నుంచి, ములుగు వైపు నుంచి వచ్చే పిల్లల మాటకు తరగతిలో ఎవరైనా నవ్వితే నేను ఊరుకోను.

మగపిల్లల కోసం కూడా ఒకటి ఉంది. తెల్ల కోటిచ్చిన ఆ దోస్తు స్టీవ్‌కు వంటంటే ప్రాణం, బడిలో శ్రద్ధగా కేకులు, పేస్ట్రీలు చేస్తుంటాడు, దానికి ఎవరూ నవ్వరు. మన తొమ్మిదో తరగతి మగపిల్లలు కూడా వంట నేర్పమని అడిగారు, వచ్చే నెల నుంచి జొన్నరొట్టెతో మొదలుపెడుతున్నాం.

సినిమా అయిపోయాక ఆడపిల్లలు కొందరు నా రూముకు వచ్చి, "మేడమ్, మాకు ఫుట్‌బాల్ ఎందుకు లేదు" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య ఇండియా టీముకు ఆడుతోంది, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు కూడా వెళ్ళింది. మన పక్కనే పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఆడపిల్ల గ్రౌండ్‌లో పరిగెత్తితే ఎవరేమనుకుంటారో అని ఇంకా అనుకుందామా?

అందుకని వచ్చే సోమవారం నుంచి ఆరు నుంచి పది తరగతుల ఆడపిల్లలకు వారానికి మూడు రోజులు, సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా ఫుట్‌బాల్. బూట్లు కొనాల్సిన పని లేదు, ఉన్న స్పోర్ట్స్ షూతో పంపండి. ట్రాక్ ప్యాంట్ వేసుకోవచ్చు. పీఈటీ సార్‌తో పాటు ఒక మేడమ్ గ్రౌండ్‌లోనే ఉంటారు, బడి బస్సు ఆ మూడు రోజులు ఆగి వెళ్తుంది. ఆటోలో వెళ్ళే పిల్లల తల్లిదండ్రులు డ్రైవర్‌తో ముందే మాట్లాడుకోండి. ఈ లేఖ కింద ఒక చీటీ ఉంది, సంతకం చేసి బుధవారం లోపు క్లాస్ టీచర్‌కు పంపించండి. వద్దనుకుంటే కూడా పంపించండి, కాకపోతే ఎందుకు వద్దో రెండు ముక్కలు రాయండి, నేను ఫోన్ చేసి మాట్లాడతాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు