తెల్ల మఫ్లర్‌తో ఆ అడవిలోకి వెళ్లకండి

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల కోసం మీరు గత ఆదివారం వేసిన సూచనలు చదివాను. మందుల చీటీలు, ఇన్సూరెన్సు, చలికోటు, మోకాళ్లు పట్టేయకుండా పొద్దున్నే నడక. అన్నీ పనికొచ్చేవే. ఆ నడక దగ్గరే ఒక మాట తక్కువైంది. ఆ మాట తెలియక 2024 నవంబరులో నేను తుపాకుల మధ్యలోకి నడిచి వెళ్లాను. అందుకే ఈ ఉత్తరం.

ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని. ఆ ఏడాది సెప్టెంబరులో నేనూ మా ఆవిడా పెన్సిల్వేనియాలో మా అమ్మాయి ఇంటికి వెళ్లాం. వాళ్ల కాలనీ చివర రోడ్డు దాటితే చెట్లు, చెట్ల వెనక కొండ, కొండ మీదికి ఒక సన్నని కాలిబాట. బాట మొదట్లో ‘స్టేట్ గేమ్ ల్యాండ్స్’ అని బోర్డు, దాని కింద ఒక నంబరు. గేమ్ అంటే ఆట కదా, ప్రభుత్వం వారి ఆటస్థలం కాబోలు, లోపలెక్కడో గ్రౌండ్ ఉంటుందనుకున్నాను. రెండు నెలలు రోజూ నడిచాను. గ్రౌండ్ కనిపించలేదు. నవ్వుకోండి, మా అల్లుడూ తర్వాత పడీ పడీ నవ్వాడు. వేటాడే జంతువునీ ఇంగ్లిషులో గేమ్ అనే అంటారని నాకు అరవై ఆరేళ్లకి తెలిసింది.

అక్కడ నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండుగ. శుక్రవారం అందరూ షాపుల వెంట తిరిగి అర్ధరాత్రికి ఇల్లు చేరారు. శనివారం పొద్దున ఆరున్నరకి ఇల్లంతా నిద్ర. నేను అల్లుడి గోధుమరంగు కోటు వేసుకుని, తలకీ చెవులకీ నా తెల్ల మఫ్లర్ చుట్టుకుని బయల్దేరాను. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఎప్పుడూ ఒక్క బండీ ఉండని రోడ్డు పక్కన ఆ రోజు పది పన్నెండు పికప్‌లు ఆగి ఉన్నాయి. ఏదో జాతర కాబోలు అనుకున్నాను. బాటలో కొంతదూరం వెళ్లాక ఎక్కడో ఢామ్మని వినిపించింది. దీపావళి వెళ్లి నెలరోజులే, కాలనీలో మనవాళ్లు చాలామంది ఉన్నారు, మిగిలిన టపాసులు ఎవరో కాలుస్తున్నారనుకున్నాను. ఆరున్నరకి టపాసులేమిటని కూడా తోచలేదు.

రెండో మోత విన్నాక ఆగాను. పైనుంచి ‘సర్! సర్!’ అని కేక. తలెత్తి చూస్తే చెట్టుకి కట్టిన మంచె, మన చేలల్లో కాపలాకి వేసుకునేలాంటిదే. దాని మీద ఆరెంజ్ టోపీ, ఆరెంజ్ జాకెట్ తొడుక్కున్న మనిషి. నన్ను అక్కడే నిలబడమని చెయ్యి చూపించాడు. ముందు తుపాకిలోంచి తూటాలు తీశాడు. తాడు కట్టి తుపాకిని కిందికి దించాడు. ఆ తర్వాతే తను దిగాడు. తుపాకి చేత్తో పట్టుకుని మంచె ఎక్కినా దిగినా వాళ్ల లెక్కలో పెద్ద తప్పట. ఇంచుమించు నా ఈడువాడే. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు, కానీ టోపీ తీసి నా నెత్తిన పెడుతుంటే ఆయన చేతులు వణకడం చూశాను. తన సంచిలోంచి ఇంకో టోపీ తీసి తను పెట్టుకుని, నన్ను రోడ్డు దాకా దిగబెట్టాడు.

దారిలో ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. ఆ అడవిలో ఉండేది తెల్లతోక జింక. ఒళ్లు గోధుమరంగు. బెదిరితే తోక పైకెత్తుతుంది, తోక అడుగంతా తెలుపు. మసకవెలుతురులో, చెట్ల సందుల్లో ఆయనకి ముందు కనిపించింది గోధుమరంగు మీద కదులుతున్న తెలుపు. అంటే నా కోటు, నా మఫ్లర్. ఆయన బైనాక్యులర్ తీసి చూశాడు. తుపాకి మీద దుర్భిణి ఉంది, దాంతో చూడలేదు. అదేమిటో తెలుసుకోవడానికి తుపాకి దుర్భిణిలోంచి చూడటమంటే, అదేమిటో తెలియకుండానే దాని మీదికి తుపాకి ఎక్కుపెట్టినట్టు. ఈ ఒక్క అలవాటు ఆయనకి లేకపోతే ఏమయ్యేదో నేను మా ఆవిడకి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. ఇది మీరు అచ్చువేస్తే తెలుస్తుంది.

తర్వాత అల్లుడి కంప్యూటర్ ముందు కూర్చుని ఆ రాష్ట్రం రూల్సు చదివాను. థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారమే అక్కడ రైఫిల్‌తో జింకల వేట మొదలు. 2018 దాకా ఇది సోమవారం ఉండేది. ఆ సోమవారం చాలాచోట్ల బళ్లకి కూడా సెలవిస్తారంటే, వేట వాళ్లకి ఎంత పెద్ద సందడో చూడండి. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చవచ్చు. మనం సరిగ్గా ఏ వేళ నడకకి వెళతామో అదీ అందులోదే. వేటగాళ్లు తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాల మెరిసే ఆరెంజ్ వేసుకోవాలి. లెక్కల మాస్టారిని కాబట్టి లెక్కకట్టాను: ఏ4 కాగితాలు రెండున్నర పైమాటే. ఇక గేమ్ ల్యాండ్స్‌లో నవంబరు 15 నుంచి డిసెంబరు 15 దాకా వేటకి రాని నాలాంటివాళ్లు కూడా అంత ఆరెంజ్ వేసుకోవాలి, లేదా కనీసం ఆ రంగు టోపీ పెట్టుకోవాలి. చట్టం ప్రకారం చూస్తే ఆ పొద్దున తప్పు చేసింది నేనే.

ఇంత మెరిసే రంగు జింకకి కనిపించదా అని మీకూ అనుమానం రావచ్చు. కనిపిస్తుంది గానీ మనకి మెరిసినట్టు మెరవదు. మన కంట్లో రంగులు పట్టే కణాలు మూడు రకాలైతే జింక కంట్లో రెండే. ఎరుపు, ఆరెంజ్ దానికి ఆకుల రంగు నుంచి వేరుగా తెలియవు. నీలం మాత్రం బాగా తెలుస్తుంది. కాబట్టి ఆరెంజ్ వేసుకుంటే వేటగాడి వేట చెడదు, మన ప్రాణం నిలుస్తుంది.

ఇక్కడే మా అల్లుడికీ నాకూ గొడవ. ‘తుపాకి పట్టుకున్నవాడిదే బాధ్యత మావయ్యా, నడిచేవాడు టోపీ పెట్టుకోవడమేమిటి?’ అంటాడు. ఆ మాట తప్పని నేననలేను. 1988 నవంబరులో అమెరికాలోనే మెయిన్ అనే రాష్ట్రంలో పసి కవలల తల్లి ఒకామె తన ఇంటి వెనక తూటా తగిలి చనిపోయింది. ఆమె చేతులకి తెల్లటి తొడుగులున్నాయి. కాల్చినవాడు జింక తోక అనుకున్నాడు. వేట రోజుల్లో తెల్లవి ఎందుకు వేసుకుంది, ఆరెంజ్ ఎందుకు వేసుకోలేదు అని అక్కడ చాలామంది ఆమెనే తప్పుపట్టారట. కేసు నడిచింది, 1990లో జ్యూరీ ఆయన్ని నిర్దోషి అంది. అది చదివాక నాకు అన్నం సయించలేదు. సొంత పెరట్లో నిలబడ్డ మనిషి ఏ రంగు వేసుకుంటే ఎవరికి? ఆ తర్వాత ఆ రాష్ట్రం చట్టం మార్చింది. జంతువు తల, ఒళ్లు స్పష్టంగా చూసి, అదేమిటో తేల్చుకోనిదే కాల్చకూడదంది. ఆ చట్టం ఆ తల్లి బతికుండగా ఉండాల్సింది.

కాబట్టి బాధ్యత ఎవరిదంటే నేనూ అల్లుడి పక్షమే. కానీ బాధ్యత తుపాకి పట్టుకున్నవాడిదైనంత మాత్రాన తూటా నన్ను తప్పించుకుని పోదు. పెద్ద రైఫిల్ తూటా దేనికీ తగలకపోతే మూడు కిలోమీటర్లు దాటి పోగలదు. అందుకే జింక వెనక ఏముందో కూడా చూసుకోవాలని వాళ్లకి నేర్పుతారు. మంచె మీద కూర్చుంటే తూటా నేలలోకి దిగబడుతుంది, అదొక మేలు. ఇన్ని చూసుకునేవాళ్లే ఎక్కువమంది కావచ్చు. చూసుకోనివాడు ఒక్కడు చాలు. ఆ ఒక్కడి కోసమే నా టోపీ.

ఇంకో సంగతి. నాకు వేట గిట్టదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 1991లో సవరించాక వేట అంటే నేరమే, అందుకే సీజను పెట్టి, లైసెన్సు ఇచ్చి వేటాడిస్తారన్న ఊహే మనకి రాదు. అయితే నేను రెండు నెలలు పైసా ఇవ్వకుండా నడిచిన ఆ కొండ ఎవరి డబ్బుతో నిలిచిందో చదివి కాస్త తగ్గాను. పెన్సిల్వేనియాలో ఇలాంటి గేమ్ ల్యాండ్స్ 15 లక్షల ఎకరాలు. చాలావరకు వేటగాళ్ల లైసెన్సు రుసుముతో కొన్నవే. దానికితోడు 1937 నాటి చట్టం ప్రకారం రైఫిళ్ల మీద, తూటాల మీద 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకి వెళుతుంది. అతిథిగా వెళ్లి ఇంటివాళ్లని విసుక్కున్నట్టుంది నా పని.

మా అమ్మాయి స్నేహితురాలు ఆదివారాలైతే భయం లేదని చెప్పింది. ఇది ఇప్పుడు పాత మాట. ఆ రాష్ట్రంలో ఆదివారం వేట మీద దాదాపు నూటయాభై ఏళ్ల నిషేధం ఉండేది. 2019లో మూడు ఆదివారాలు సడలించారు, 2025లో నిషేధమే ఎత్తేశారు. పేరు చూసి కూడా మోసపోకండి. వర్జీనియా రాష్ట్రంలోని షెనాండోవా నేషనల్ పార్కులో వేట లేదు, అక్కడ నిశ్చింతగా తిరగవచ్చు. మన పిల్లలు సెలవుల్లో వెళ్లే డెలవేర్ వాటర్ గ్యాప్ నేషనల్ రిక్రియేషన్ ఏరియా పేరులోనూ నేషనల్ ఉంది, కానీ అక్కడ సీజనులో వేట ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో వెళ్లేవాళ్లకి వేరే చిక్కు. అది అడవి టర్కీ కోళ్ల వేట. ఆ వేటగాళ్లు ఆకుల రంగు బట్టల్లో చెట్టుకి ఆనుకుని కూర్చుని పెట్టకోడిలా కూస్తారు. కూత విని ఫొటో తీద్దామని పొదల్లోకి పోకండి. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం కాబట్టి ఆ మూడు రంగులూ ఆ నెలల్లో వద్దు.

మీరు ఏటా అక్టోబరులో ఈ నాలుగు ముక్కలు ఒక బాక్సులో వేస్తే చాలు. వెళ్లేవాళ్లు తమ పిల్లలు ఉండే రాష్ట్రంలో సీజను ఎప్పుడో ఆ పిల్లల్నే అడిగి తెలుసుకుంటారు, తేదీలు రాష్ట్రానికొక రకం.

టోపీ ఆ మంచె మీది పెద్దాయనకి తిరిగి ఇద్దామని నేనూ అల్లుడూ తర్వాతి వారం వెళితే ఆయన తీసుకోలేదు. ఇక్కడికి తెచ్చి గోడకి తగిలించాను. మొన్న మా వీధి చివరి దంపతులు కొడుకు దగ్గరికి బయల్దేరుతుంటే ఆ టోపీ వాళ్ల పెట్టెలో పెట్టించాను. ఆయన మడిచి పెట్టుకున్న తెల్ల మంకీ టోపీ మాత్రం తీయించేశాను.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు