చావమని కబురు

హైడెల్‌బర్గ్
ఆదివారం సాయంత్రం

అమ్మా,

మొన్న ఫోన్లో "రోజూ చంపే పనేనా నీది?" అన్నావు. అప్పటికి నవ్వేశాను గానీ ఆ మాట రెండు రోజులు బుర్రలో తిరిగింది. ఫోన్లో చెబుదామంటే మధ్యలో కూర మాడుతోందంటావు, అందుకే రాస్తున్నాను.

నేను కణాల్ని చంపనే. ల్యాబ్‌లో వాటికి చావమని కబురు పెడతాను, అంతే. కణం పైపొరలో ఫాస్ అనే ప్రొటీను గుచ్చుకుని ఉంటుంది, తల బయట, తోక లోపల. 1989లో జపాన్‌లో యోనెహరా వాళ్లు, ఇదే ఊళ్లో క్రామర్ వాళ్లు దాన్ని విడివిడిగా పట్టుకున్నారు. ఇక్కడివాళ్లు అపో-1 అన్నారు. రెండూ ఒకటేనని తర్వాత తేలింది. బయట లైగాండ్, అంటే ఫాస్‌కి అతుక్కుని కబురు చెప్పే ప్రొటీను, వచ్చి పట్టుకుంటే లోపలి తోకల దగ్గరికి ఫాడ్ అనే ఇంకో ప్రొటీను చేరుతుంది, అది కాస్పేజ్-8 అనే, ప్రొటీన్లను కోసే ఎంజైమ్‌ని రప్పిస్తుంది. కాస్పేజ్-8లు పక్కపక్కన చేరాయా, ఒకదాన్నొకటి కోసుకుని పదునెక్కుతాయి. ఆ కత్తులు నేను పంపినవి కావు, మొదట్నుంచీ కణంలోనే ఒరలో ఉన్నవి.

పోయిన వారం నా మతిమరుపు చూడు. లైగాండ్ వేసి, దాన్ని గుత్తిగా కట్టే యాంటీబాడీ వేయడం మర్చిపోయాను. పొద్దున్న చూస్తే కణాలన్నీ నిగనిగలాడుతున్నాయి! విడిగా తేలే లైగాండ్‌ని అవి పెద్దగా లెక్కచేయవు. మళ్లీ సరిగ్గా వేసి నాలుగు గంటలకు మైక్రోస్కోప్‌లో చూశాను. గుండ్రటి కణం ముడుచుకుని, కాగిన నూనెలో అప్పడంలా ఒళ్లంతా బుడగలేసింది. పగల్లేదు, చిన్న చిన్న మూటలుగా విడిపోయింది. ఒంట్లో అయితే ఆ మూటల్ని వేరే కణాలు మింగేస్తాయి. చీమూ వాపూ ఉండవు.

ఆ కణాల పేరు జుర్కాట్. 1970లలో లుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన 14 ఏళ్ల పిల్లాడి రక్తంలోంచి తీసినవట. ప్లాస్కు మార్చినప్పుడల్లా వాడు గుర్తొస్తాడు. ఇది నీకు చెప్పకూడదనుకున్నాను.

బుజ్జిగాడికి జ్వరమొచ్చి మెడలో బిళ్లలు కట్టాయన్నావు కదా. జబ్బుతో పోరాడటానికి పెరిగిన తెల్లకణాలు పని అయ్యాక చావాలి, అందులో ఫాస్‌కీ ఓ చెయ్యి ఉంది. పుట్టుకతో ఫాస్ చెడిన పిల్లలకు ఆ బిళ్లలు తగ్గవు, ప్లీహం కూడా పెరుగుతుంది. వాడికి అదని కాదు, కంగారు పడకు. ఓసారి మెడ తడిమి చూడు. ఇంకా తగులుతుంటే వదినని డాక్టరుకి చూపించమను.

నీ
చిట్టి