ఝింగన్ క్రొయేషియా వెళ్ళినప్పుడు ఎవరెవరికి ఎక్కడెక్కడ కాలిందంటే

బెంగళూరు,
ఆదివారం

ఒరేయ్ మావా,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మ, పిల్లలు కులాసానా? నిన్న ఫోన్లో నువ్వడిగినదానికి అప్పుడే జవాబు చెప్పొచ్చు గానీ, నీతో ఫోన్లో ఫుట్‌బాల్ మాట్లాడ్డం నా వల్ల కాదు. రెండు మాటలు అయ్యేలోపే ఐపీఎల్లోకి లాక్కెళ్ళిపోతావు. కాగితం మీదైతే అడ్డం రాలేవు కదా, అందుకే భోంచేసి కూర్చున్నా. పొడుగే అవుతుంది, ఓపిక చేసుకో.

మీ ఆఫీసులో కొత్తగా చేరిన కొచ్చి కుర్రాడు, ఇండియా ఫుట్‌బాల్ డిఫెండర్ సందేశ్ ఝింగన్ పేరెత్తగానే కంచం ముందు నుంచి లేచిపోయినంత పని చేశాడన్నావు. "ఆటగాడన్నాక క్లబ్బులు మారడా, దానికింత రాద్ధాంతమా" అని నవ్వావు. నవ్వకురా. ఆ కుర్రాడి కోపంలో ముప్పాతిక వంతు న్యాయం ఉంది. మిగతా పావు వంతు సంగతి తర్వాత చెప్తా.

ఝింగన్‌ది చండీగఢ్. 1993లో పుట్టాడు. ఆరడుగులు దాటిన మనిషి, గడ్డం, పిలక, చూస్తేనే ఫార్వర్డ్‌కి సగం ధైర్యం పోతుంది. ఒకప్పటి ఇండియా కెప్టెన్ భూటియా పెట్టిన యునైటెడ్ సిక్కిం క్లబ్బులో మొదలుపెట్టి, 2014లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొదటి సీజన్‌కి కొచ్చి టీమ్ కేరళ బ్లాస్టర్స్‌లో చేరాడు. ఆ ఏడాది ఎదుగుతున్న ఆటగాడి అవార్డు కూడా వాడిదే. బ్లాస్టర్స్ అంటే నీకు వేరే రకంగా గుర్తుండాలి. మొదట్లో సచిన్‌కి వాటా ఉండేది, 2016లో మన చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్, నిమ్మగడ్డ ప్రసాద్ వాటాలు కొన్నారు చూడు, ఆ టీమే. అప్పట్లో నువ్వు కూడా "మన టీమ్" అని రెండు వారాలు ఊగావు.

ఇప్పుడు అసలు పుండు ఎక్కడుందో చూడు. 2014 ఫైనల్లో బ్లాస్టర్స్ ఓడింది కోల్‌కతా చేతిలో. 2016 ఫైనల్ కొచ్చిలోనే, స్టేడియమంతా పసుపు జెర్సీలు, పెనాల్టీల్లో ఓడారు, మళ్ళీ కోల్‌కతా చేతిలోనే. రెండుసార్లూ ఝింగన్ వాళ్ళవైపే ఉన్నాడు. తర్వాత కెప్టెన్ అయ్యాడు. 2019లో మోకాలు పోయి ఆ సీజన్ మొత్తం ఆడలేదు. 2020లో క్లబ్బు వదిలేస్తే, ఆయన గౌరవార్థం 21 నంబరు జెర్సీ ఇంకెవరికీ ఇవ్వబోమని క్లబ్బు ప్రకటించింది. (ఇరవై ఆరేళ్ళ వాడికి, ఇంకా పదేళ్ళు ఆడబోయేవాడికి ఆ మర్యాద ఏమిటో నాకిప్పటికీ అర్థం కాదు. ఆట మానేశాక చేయాల్సిన సన్మానం అది.) అంతా అయ్యాక ఝింగన్ తేలింది ఎక్కడంటే, మోహన్ బగాన్‌లో. అదే ఏడాది ఆ కోల్‌కతా ఐఎస్ఎల్ టీమూ, మోహన్ బగానూ కలిసిపోయి ఏటీకే మోహన్ బగాన్ అయ్యాయి. అంటే రెండు ఫైనళ్ళు లాక్కున్న ఇంటికే వెళ్ళాడన్నమాట.

మడివాళలో మా సందు చివర ఒక మలయాళీ బేకరీ ఉంది. టీ కోసం పొద్దున్నా సాయంత్రం అక్కడే చేరతాం. ఓనరుని అందరం చేట్టా (మలయాళంలో అన్న) అంటాం. నేంద్రం చిప్స్ పెట్టే గాజు బీరువా మీద 21 అంకె ఉన్న పసుపు స్టిక్కర్ ఉండేది. ఝింగన్ కోల్‌కతా వెళ్ళిన రోజుల్లో దాని మీద పంచాంగం కాలెండర్ తగిలించాడు. అడిగితే, "గోడ మీద మేకు లేదు" అన్నాడు. మేకు ఉంది, నా కళ్ళ ముందే ఉంది.

2021 ఆగస్టులో వార్త వచ్చింది, ఝింగన్ క్రొయేషియాకి వెళ్తున్నాడని. షిబెనిక్ అని ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున చిన్న ఊరు, ఆ ఊరి క్లబ్బు, అక్కడి పెద్ద లీగులో ఆడే టీమ్. అప్పటి మన ఇండియా కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ది కూడా క్రొయేషియానే. చేట్టన్ ఆ సాయంత్రం కాలెండర్ తీసి మేక్కి తగిలించాడు. స్టిక్కర్ తుడిచాడు. టీ డబ్బులు తీసుకుంటూ, "మన పిల్లాడు యూరప్ వెళ్ళాడు" అన్నాడు. మన పిల్లాడట! ఏడాదిపాటు పేరు కూడా ఎత్తని మనిషి.

మా ఆఫీసు బెంగాలీ మాత్రం మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. వాడి లెక్క వేరు. 2020-21 సీజన్ మొత్తం కోవిడ్ వల్ల గోవాలో ఖాళీ స్టేడియాల్లో జరిగింది. ఝింగన్ ఏడాదంతా ఆకుపచ్చ, మెరూన్ రంగుల్లో ఆడాడు, ఫైనల్ దాకా వెళ్ళి ముంబైతో ఓడారు, కానీ కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో కూర్చుని ఒక్క బగాన్ అభిమాని కూడా వాడి ఆట చూడలేదు. కేరళవాళ్ళకి ఆరేళ్ళ జ్ఞాపకాలున్నాయి, బగాన్‌వాళ్ళకి టీవీ మాత్రమే ఉంది. "మేం చప్పట్లు కొట్టే లోపలే వెళ్ళిపోయాడు" అన్నాడు వాడు. పైగా అప్పుడు ఆసియా క్లబ్బుల పోటీ, ఏఎఫ్‌సీ కప్పు నడుస్తోంది. సెప్టెంబరులో ఉజ్బెకిస్తాన్ వెళ్ళి అక్కడి నాసాఫ్ క్లబ్బు చేతిలో 6-0 తిన్నారు. అరడజను గోల్స్! మర్నాడు ఆఫీసులో వాడి దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. ఝింగన్ ఉంటే ఆరు పడేవా అని వాడు, ఉన్నా నాలుగు పడేవి అని నేను.

మరి మేం? స్టేడియంలో వెస్ట్ బ్లాక్ గ్యాలరీలో నిలబడి గొంతు పోయేలా అరిచే బెంగళూరు ఎఫ్‌సీ వాళ్ళం? మాకూ అందులో చిన్న వాటా ఉందిలే. 2017లో ఝింగన్ మాకు లోన్ మీద (బ్లాస్టర్స్ నుంచి కొన్నాళ్ళకి అరువుగా) ఆడాడు, ఆ ఏడాది ఫెడరేషన్ కప్పు గెలిచాం, ఫైనల్లో ఓడింది మోహన్ బగానే. కాబట్టి మేమూ "ఆల్ ది బెస్ట్ భాయ్" అన్నాం. ఖర్చులేని ఆశీర్వాదం కదా.

నాకు అప్పుడు తట్టిన సంగతి ఇది. కొడుకు అమెరికా వెళ్తే ఊరంతా చెప్పుకుంటారు, వదిలేసి వెళ్ళాడని ఎవరూ అనరు. అదే కొడుకు పక్క వీధిలో ఇల్లరికం వెళ్తే పెళ్ళిళ్ళలో కూడా పలకరించరు. బయటి దేశం వెళ్ళే ఆటగాడు ఎవరి పక్షమూ కాదు, అందుకే పాత క్లబ్బులన్నీ ఒకేసారి వాడిని సొంతం చేసుకుంటాయి. వాడి అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలో ఉంటుంది. దిగగానే ఏదో ఒక జెర్సీ వేసుకోవాలి. వేసుకున్న క్షణాన మిగతావాళ్ళందరికీ పరాయివాడైపోతాడు.

మన ఫుట్‌బాల్‌లో ఇదేం కొత్త కాదు. 1936లోనే మహమ్మద్ సలీం కోల్‌కతా నుంచి స్కాట్లాండ్ వెళ్ళి సెల్టిక్‌కి చెప్పుల్లేని కాళ్ళతో ఆడాడు. 1999లో భూటియా ఇంగ్లండ్‌లోని బరీకి వెళ్ళాడు. సునీల్ ఛెత్రీ (మన సికింద్రాబాద్‌లో పుట్టినవాడే, ఆ మాట ఇక్కడ కన్నడిగులకి గుర్తు చేస్తుంటా) అమెరికాలో కాన్సాస్ సిటీ, తర్వాత 2012లో పోర్చుగల్‌లో స్పోర్టింగ్ బి టీమ్ దాకా వెళ్ళొచ్చాడు. గురుప్రీత్ సింగ్ సంధు 2014లో ఈస్ట్ బెంగాల్ నుంచి నార్వేలోని స్టాబెక్‌కి వెళ్ళి, యూరోపా లీగులో ఆడిన మొదటి భారతీయుడయ్యాడు. 2017లో దిగింది మాత్రం బెంగళూరులో. ఈస్ట్ బెంగాల్ వాళ్ళని అడిగి చూడు, నార్వే కబుర్లు ఎంత ఇష్టంగా చెప్తారో, ఆ తర్వాతవి ఎంత పొట్టిగా తేలుస్తారో.

ఝింగన్ కథలో ఇంకో ఘోరం, షిబెనిక్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. వెళ్ళిన కొన్నాళ్ళకే ప్రాక్టీసులో గాయం. 2022 జనవరిలో వెనక్కి వచ్చి మళ్ళీ ఏటీకే మోహన్ బగాన్‌లోనే చేరాడు. బేకరీ మీద పెద్ద ప్రభావం లేదు, చేట్టన్ ముఖం కాస్త ముడుచుకుంది అంతే. ఫిబ్రవరి 19న బ్లాస్టర్స్‌తో మ్యాచ్. బ్లాస్టర్స్ ఆటగాడు లూనా రెండు గోల్స్ కొట్టాడు, గెలిచేశాం అని కేరళవాళ్ళు లేచి నిలబడ్డాక చివరి నిమిషంలో బగాన్ ఆటగాడు కౌకో కొట్టి 2-2 చేశాడు. మ్యాచ్ అయ్యాక లోపలికి నడుస్తూ ఝింగన్, ఆడవాళ్ళతో మ్యాచ్ ఆడొచ్చాం అన్నాడు. కెమెరాలో పడింది. ఆరేళ్ళు నెత్తిన పెట్టుకున్న టీమ్ గురించి ఆ మాట! తర్వాత క్షమాపణ చెప్పాడులే. కానీ కేరళ అభిమానులు ఆ 21 జెర్సీ మళ్ళీ బయటికి తీయండని క్లబ్బు మీద పడ్డారు.

మర్నాడు పొద్దున నేను టీకి వెళ్ళేసరికి చేట్టన్ బన్ బటర్ కోసే చాకుతో స్టిక్కర్ గీకుతున్నాడు. 2 ఊడింది. 1 ఊడలేదు, జిగురు గట్టిగా పట్టుకుంది. కిరోసిన్ పెట్టు చేట్టా అన్నాను. "తినే సామాను పక్కన కిరోసినా" అని నా మీద అరిచాడు. ఆ ఒకటి ఇప్పటికీ అలాగే ఉంది, కొత్త కస్టమర్లు అది షెల్ఫ్ నంబరనుకుంటారు.

మీ కుర్రాడి కోపంలో న్యాయం అదిరా. టీమ్ మారినందుకు ఎవడూ ఇన్నాళ్ళు తిట్టడు. ఇక ఆ మిగిలిన పావు వంతు: ఆ మాటకి కేరళ కుర్రాళ్ళలో చాలామంది మండిపడింది "మమ్మల్ని ఆడవాళ్ళంటాడా" అని. అది తిట్టు ఎందుకైందో వాళ్ళూ ఆలోచించలేదు. దీని దగ్గరికి మళ్ళీ వస్తా.

2022 ఆగస్టులో ఝింగన్ మా దగ్గరికే వచ్చాడు. మరుసటి నెలలోనే డ్యూరండ్ కప్పు గెలిచాం, సాల్ట్ లేక్‌లో ముంబై మీద 2-1. ఇక 2023 మార్చి 3. మా కంఠీరవ స్టేడియంలో ఐఎస్ఎల్ నాకౌట్, బెంగళూరుకీ బ్లాస్టర్స్‌కీ. నేను వెస్ట్ బ్లాక్‌లో ఉన్నా, చేట్టన్ అటువైపు పసుపు గుంపులో. తొంభై నిమిషాలు 0-0. అదనపు సమయంలో మాకు బాక్సు బయట ఫ్రీ కిక్. వాళ్ళ గోల్‌కీపర్ ఇంకా బంతికి అడ్డంగా ఆటగాళ్ళ గోడ సర్దుకుంటున్నాడు, ఛెత్రీ బంతిని మెల్లగా లేపి లోపల పడేశాడు. మాకే కాసేపు అర్థం కాలేదు, గోలా కాదా అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. రిఫరీ గోల్ అన్నాడు. బ్లాస్టర్స్ కోచ్ వుకొమనోవిచ్ టచ్‌లైన్ దగ్గర నిలబడి తన ఆటగాళ్ళందరినీ రమ్మని చెయ్యి ఊపాడు. వెళ్ళిపోయారు! మైదానంలో ఒకే టీమ్ మిగిలింది. మేం గెలిచినట్టో, పెళ్ళివారు లేచి వెళ్ళిపోయినట్టో తెలియని పరిస్థితి. ఆ తర్వాత కోచ్‌కి పది మ్యాచ్‌ల నిషేధం, క్లబ్బుకి నాలుగు కోట్ల జరిమానా. చేట్టన్ వారం రోజులు నాకు టీలో చక్కెర వేయలేదు. అడిగినా వేయలేదు.

ఆ నెల 18న గోవాలో ఫైనల్. ఎవరితో అనుకున్నావు? ఏటీకే మోహన్ బగాన్‌తోనే. 2-2, పెనాల్టీల్లో పోయింది మాది. మా బెంగాలీ సోమవారం ఆఫీసుకి సందేశ్ పట్టుకొచ్చాడు, స్వీట్ పేరు ఒత్తి ఒత్తి పలుకుతూ పంచిపెట్టాడు. ఆ ఏడాదే ఝింగన్ ఎఫ్‌సీ గోవాకి వెళ్ళాడు. మాకు పెద్దగా ఏం అనిపించలేదు. నిజం చెప్పాలంటే మా దగ్గర వాడు ఎప్పుడూ అద్దెకున్నట్టే ఉన్నాడు.

ఇప్పుడు ఆడవాళ్ళ సంగతి. ఝింగన్ ఆ మాట అన్న 2022లోనే ఇద్దరమ్మాయిలు అదే క్రొయేషియాకి వెళ్ళారు, డైనమో జాగ్రెబ్ మహిళల టీమ్‌కి. ఇద్దరూ గోకులం కేరళ క్లబ్బు ఆటగాళ్ళే. ఒకరు జ్యోతి చౌహాన్, రెండో అమ్మాయి గుగులోత్ సౌమ్య. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయిరా! ఆ దేశం వెళ్ళి ఆడొచ్చారు, జ్యోతి గోల్స్ కూడా కొట్టింది. తిరిగొచ్చాక సౌమ్య ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళి 2024-25 లీగు గెలిచింది, ఆ సీజన్‌కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు ఆమెదే. మన తెలుగువాళ్ళలో ఎంతమందికి తెలుసు? ఆమె గోకులం వదిలితే కేరళలో కొందరు నొచ్చుకునే ఉంటారు. మన దగ్గర ఆమె వెళ్ళినప్పుడు నొచ్చుకోవడానికి గానీ, వచ్చినప్పుడు అలగడానికి గానీ ఒక క్లబ్బుండాలి కదా.

ఒకప్పుడు ఉండేది. కోచ్ రహీం సాబ్ నేర్పిన హైదరాబాద్ పోలీస్ టీమ్ గురించి మీ నాన్నగారు చెప్తుంటే మనం విన్నాం. మొన్న మొన్న హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ కప్పు గెలిచింది, అదీ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో. (చేట్టన్‌కి మన మీద ఆ బాకీ కూడా ఉంది.) 2025లో ఆ టీమ్ మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్ళి పేరు కూడా మార్చుకుంది. ఆటగాడు వెళ్తే కోపం రావడం చూశాను, క్లబ్బే లేచిపోతే ఒక్కడూ కాలెండర్ కూడా కదపలేదు. నువ్వు ఆ టీమ్ ఆడిన గచ్చిబౌలి స్టేడియం పక్కనే ఉంటావు, ఒక్క మ్యాచ్‌కైనా వెళ్ళావా? నిజం చెప్పు.

సరే, తిట్టడం ఆపేస్తున్నా. చెల్లెమ్మ పుట్టిల్లు నిజామాబాదే కదా, ఈసారి వెళ్ళినప్పుడు అక్కడి పిల్లలు సౌమ్య పేరు చెప్తున్నారేమో కనుక్కోమను. ఆమె జెర్సీ పేరుతో ఎక్కడైనా దొరికితే పెద్ద పాపకి ఒకటి కొను, డబ్బులు నేను పంపిస్తా. నంబరు ఏదైనా ఫర్వాలేదు.

ఉంటా మరి,
నీ బక్కోడు