ఆ 'హెచ్/ఓ' తీసేయండి, మా తండా చరిత్ర రాయించండి

గౌరవనీయులైన తెలంగాణ పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మాది దేవరకొండ వైపు ఒక చిన్న లంబాడీ తండా. మా నాయనమ్మ పాత రేషన్ కార్డు ఇప్పటికీ ఇంట్లో ఇనప్పెట్టెలో ఉంది. అందులో ముందు మా తండా పేరు, పక్కన 'హెచ్/ఓ', ఆ తర్వాత నాలుగు కిలోమీటర్ల అవతలున్న పెద్దూరి పేరు. హెచ్/ఓ అంటే ఫలానా ఊరికి శివారు అని. బియ్యానికీ పెన్షన్‌కీ ఓటుకీ ఆ పెద్దూరికే నడిచాం. నీళ్ల ట్యాంకు వచ్చినా, రోడ్డు వచ్చినా ముందు అక్కడికే. మిగిలితే మాకు.

2018 ఆగస్టు 2న రాష్ట్రంలో 4,383 కొత్త పంచాయతీలు ఏర్పడ్డాయి. 'మా తండాలో మా రాజ్యం' అని ఏళ్ల తరబడి అడిగిన మాట ఆరోజు నిజమైంది. వాటిలో మా తండా కూడా ఉంది. పంచాయతీ ఆఫీసుకి బోర్డు రాసిన రోజు నాయనమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. ఆవిడకి చదువు రాదు. 'మన పేరు ఎక్కడుందిరా' అని అడిగితే చూపించాను. తడి ఆరని అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. ఆ నీలం రంగు ఆవిడ పేటియా (మా లంబాడీ లంగా) అద్దాలకి అంటుకుని చాలా రోజులు పోలేదు.

పంచాయతీ అయితే వచ్చింది గానీ మాది ఇంకా రెవెన్యూ గ్రామం కాలేదు. పట్టా పాస్‌బుక్ తెరిస్తే గ్రామం అన్నచోట ఇప్పటికీ పెద్దూరి పేరే. రెవెన్యూ మీ శాఖ కాదని తెలుసు. కానీ పంచాయతీ మీదే, కాబట్టి ఆ ఫైలు మీరే కదిలించాలని అడుగుతున్నాను.

ఇక అసలు సంగతి. ఏ రికార్డు చూసినా మేం శివారే. శివారుకి చరిత్ర ఎవరు రాస్తారు? ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ మొగలు సైన్యాల వెంట దక్కనుకి వచ్చిన బంజారాల పిల్లలం మేం. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కింద చాలాచోట్ల మా వాళ్లని పోలీసు హాజరు పట్టీలోకి ఎక్కించారు. 1952లో గానీ ఆ చట్టం పోలేదు. తెలంగాణ లంబాడీలని ఎస్టీ జాబితాలో చేర్చింది 1976 చట్టంతో. ధర్మాపురం భూముల కోసం విసునూరు భూస్వామి దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలిచి ప్రాణమిచ్చిన జాటోతు ఠాను నాయక్ కూడా ఒక తండా బిడ్డే.

ఇంత పెద్ద కథ ఎంతోకొంత పుస్తకాల్లో ఉంది. మా తండా కథ మాత్రం ఎక్కడా లేదు. గుట్ట కింద నీళ్లున్నాయని, ఎడ్లకి మేత దొరుకుతుందని ఐదు కుటుంబాలు చింతచెట్టు దగ్గర ఆగాయట. మొదటి బావి తవ్వినప్పుడు రాయి పడితే నెల రోజులు సుత్తి దెబ్బలు వినిపించాయట. ఆ బావి పూడిపోయింది. ఎక్కడుందో చూపించగలిగేది ఇప్పుడు నాయనమ్మ ఒక్కతే. మా భాష గోర్ బోలికి సొంత లిపి లేదు. వంశాల పేర్లు పాడుతూ వచ్చే ఢాడీలు మా తండాకి రాక చాలా ఏళ్లయింది. తీజ్ పండక్కి గోధుమ మొలకల బుట్టల చుట్టూ ఆడపిల్లలు పాడే పాటల్లో కొన్నిటికి అర్థం చెప్పేవాళ్లు కూడా ఇద్దరు ముగ్గురే మిగిలారు.

అందుకే ఒక ఉత్తర్వు ఇవ్వండి. ప్రతి తండా పంచాయతీలో ఒక చరిత్ర పుస్తకం తెరవాలి. ఎవరు ముందొచ్చారు, ఈ చోటే ఎందుకు, తండాకి ఆ పేరు ఏ నాయక్‌ది, మొదటి బడి ఏ చెట్టు కింద నడిచింది అన్నవి పెద్దవాళ్లని అడిగి కార్యదర్శి రాయాలి. రాసింది గ్రామసభలో చదివి వినిపించాలి, తప్పుంటే అక్కడే దిద్దాలి. గోర్ బోలి మాటల్ని తెలుగు లిపిలో ఉన్నవి ఉన్నట్టు రాయాలి. పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, ఒక లాంగ్ నోట్‌బుక్, ఓపికగా కూర్చునే మనిషి చాలు. 500 జనాభా లేక ఇంకా శివారుగానే ఉండిపోయిన తండాల్ని కూడా ఇందులో కలపండి. అక్కడ ఆఫీసే లేదు కాబట్టి వాళ్ల కథ ఇంకా తొందరగా పోతుంది.

నాయనమ్మకి ఎనభై దాటాయి. మధ్యాహ్నం పూట బాగా మాట్లాడుతుంది. పూడిన బావి దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే నడుస్తుంది. మీ శాఖ నుంచి ఎవరినైనా ఈ వానాకాలం లోపు పంపించండి.

ఇట్లు,
దేవరకొండ ప్రాంతపు ఒక తండావాసి