చీరను తిరగేసి చూడమని కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఆగస్టు 7 దగ్గరపడగానే పత్రికల్లో చీర గొప్పతనం మీద వ్యాసాలు మొదలవుతాయి. 1905లో అదే రోజున కలకత్తా టౌన్‌హాల్లో స్వదేశీ ఉద్యమానికి పిలుపునిచ్చారు. అందుకే 2015 నుంచి ఆ రోజును జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. వ్యాసాల్లో సంస్కృతి, వారసత్వం, సంప్రదాయం అన్నీ ఉంటాయి. కొనబోయే మనిషి చీర చేతిలోకి తీసుకుని ఏం చూడాలన్నది మాత్రం ఉండదు. మిల్లు బట్ట మీద అచ్చేసిన దాన్ని ‘పోచంపల్లి’ పేరుతో అమ్మే ప్రకటన పక్కనే ఉన్నప్పుడు పాఠకురాలు తేడా ఎలా పోల్చుకోవాలి?

పోచంపల్లి ఇక్కత్‌లో రంగు పడేది బట్ట మీద కాదు, నేతకు ముందే నూలు మీద. పేక నూలును, అంటే బట్టలో అడ్డంగా నేసే పోగును, ఆసు అనే చట్రం మీద అర్ధచంద్రాకారంలో గుచ్చిన పుల్లల చుట్టూ తిప్పి వరసగా పరుస్తారు. చేత్తో చేస్తే ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. ఇంటి ఆడవాళ్ళ భుజాలు అరిగిపోయే పని అది. తల్లి పడే అవస్థ చూసే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆసు పోశాక డిజైన్ ప్రకారం రంగు అంటకూడని చోట్ల సైకిల్ ట్యూబు రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. ప్రతి రంగుకూ కొన్ని కట్లు విప్పాలి, కొన్ని కొత్తగా వెయ్యాలి. కట్టు వదులైతే రంగు లోపలికి పాకుతుంది. నేసేటప్పుడు పోగు వెంట్రుకవాసి జరిగినా గీత చెదురుతుంది. అందువల్లే అసలైన ఇక్కత్‌లో పువ్వు అంచులు కొద్దిగా అలుక్కున్నట్టు ఉంటాయి. దాన్ని లోపమనుకుని పక్కన పెట్టేసి, గీత గీసినట్టున్న ప్రింటు చీర కొనుక్కెళ్ళేవాళ్ళు ఎందరో!

ప్రింటును పట్టుకోవడం కష్టమేం కాదు. చీర తిరగేయండి. ఇక్కత్ రెండు వైపులా ఒకే ముదురుతో ఉంటుంది. అచ్చు చీర వెనక వైపు వెలిసినట్టుంటుంది. రెండు వైపులా రంగు దిగేలా అచ్చేసినవీ ఇప్పుడు వస్తున్నాయి. అప్పుడు కొంగు చివర వేలాడే పోగొకటి విడదీసి పురి విప్పండి. కట్టు రంగు పోగు లోపలిదాకా ఇంకి ఉంటుంది. అచ్చు రంగు చాలావరకు పైపైనే ఆగిపోతుంది.

ఉప్పాడ, వెంకటగిరి జామ్దానీలోనూ వెనక వైపే సాక్ష్యం. ప్రతి బుటాకూ (విడి పువ్వుకూ) విడిగా నూలు చుట్టిన చిన్న కండె పెట్టి, ఆ బుటా మేరకే పోగును చేత్తో దూర్చి నేస్తారు. ఒక బుటా నుంచి ఇంకో బుటాకు దారం వెనక వేలాడదు. బుటాల మధ్య దారాలు కత్తిరించిన నూగు కనిపిస్తే అది జామ్దానీ కాదు. అలాగని నూగు కనిపించిన ప్రతి చీరా మరమగ్గానిదని తేల్చకూడదు. చేనేత మగ్గాలకూ డిజైన్ ప్రకారం పోగులు లేపే జకార్డ్ పెట్టెలు ఉన్నాయి, వాటి మీద నేసిన చీరలకూ వెనక దారాలు కత్తిరిస్తారు. ఇక్కడ దుకాణదారులు కూడా పొరబడుతుంటారు.

గద్వాల చీర అసలు కష్టమంతా ఒంటికీ అంచుకూ మధ్య ఉన్న ఆ సన్నని గీతలోనే ఉంది. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. పేక పోగును అటూ ఇటూ మోసుకెళ్ళే నాడెలు రెండు అంచులకు రెండు, ఒంటికొకటి, మొత్తం మూడు ఆడతాయి. ఒంటి పేక, అంచు పేక ప్రతి వరసలోనూ ఒకదాన్నొకటి మెలేసుకుని వెనక్కి తిరుగుతాయి. కొంగు దగ్గర పట్టు పడుగును (నిలువు పోగులను) నూలు పడుగుకు పోగుపోగునా అతకాలి. ఒకవైపు లాగుడు ఎక్కువైతే అంచు ముడతలు పడుతుంది, తక్కువైతే మెలిక దగ్గర సందులు కనిపిస్తాయి. ఎండకేసి పట్టి చూస్తే తెలిసిపోతుంది. కొన్నాక మరో చిక్కు ఉంది: నూలు, పట్టు తడిస్తే ఒకేలా ముడుచుకోవు. తొలిసారే బకెట్లో నానేస్తే అంచు అలలు తేలుతుంది. ఒకట్రెండు సార్లు డ్రైవాష్‌కు ఇవ్వడమే మేలు.

అంచు పక్కన వరసగా సూది గుచ్చిన గుర్తులుంటే చేనేత అని చాలామంది చెబుతారు. బట్ట వెడల్పు తగ్గకుండా నేతగాడు అడ్డంగా పెట్టే బద్ద చివరి సూదుల గుర్తులవి. మరమగ్గం మీద కూడా బట్టను లాగిపట్టే ముళ్ళ చక్రాలుంటాయి, కాబట్టి ఆ ఒక్క గుర్తునే నమ్ముకోవద్దు. లేబుళ్ళ సంగతీ అంతే. సిల్క్ మార్క్ ఉంటే అది స్వచ్ఛమైన పట్టు అని మాత్రమే. మరమగ్గం పట్టుకూ అది వస్తుంది. చేనేతకు వేరే గుర్తు ఉంది, 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్. నూలు చీర మీద 80, 100 అని చెప్పే నంబరుకూ అర్థముంది. 840 గజాల నూలు చిలపలు (కట్టలు) పౌను బరువుకు ఎన్ని తూగితే అంత నంబరు. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది, పడుగు తెగడం ఎక్కువవుతుంది, నేత సాగదు. ధర పెరిగేది అందుకే.

మరమగ్గం మీద మాకు కోపం లేదు. సిరిసిల్లలో వేల కుటుంబాలు దాని మీదే బతుకుతున్నాయి, 2017 నుంచి 2023 దాకా ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరల్లో ఎక్కువ భాగం నేసిందీ అక్కడే. మరమగ్గం చీరను మరమగ్గం చీరగా అమ్మితే తప్పేముంది? కానీ 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం మొదట 22 రకాలను చేనేతకే కేటాయించింది, తర్వాత అవి 11కు తగ్గాయి. అందులో కొన్ని రకాల నూలు, పట్టు చీరలు ఇంకా ఉన్నాయి. పోచంపల్లి, గద్వాల, ఉప్పాడ, వెంకటగిరి, మంగళగిరి, నారాయణపేట, ధర్మవరం పేర్లకు భౌగోళిక గుర్తింపు ఉంది. అంటే ఆ పేరు ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో నేసిన దానికే చెల్లుతుంది. అంత రక్షణ ఉన్న పేరును ప్రకటనలో ఎవరు పడితే వాళ్ళు వాడుకుంటున్నారు.

సంస్కృతి అంటూ రాసే వ్యాసాలకు కూడా ఇది అవసరమే. కత్తెర పడని బట్ట కాబట్టే చీరను ఒంటి కొలత చూడకుండా సారెలో పెడతాం, అమ్మవారికి సమర్పిస్తాం, తల్లిది కూతురు కట్టుకుంటుంది. మధుపర్కాలు తెల్లని నూలువై ఉండేవి, వాటి అంచులకు పసుపు అద్దేవారు. నీళ్ళలో కలిపిన పసుపు నూలుకు పట్టినట్టు పాలియెస్టర్‌కు పట్టదు. ఒడిబియ్యం పోసేది కొంగులోనే, పెళ్ళిలో ముడి పడేదీ కొంగుకే. జారుడు బట్టకు ఆ ముడి నిలవదు. పన్నెండు మూరల చీర అంటే ఇప్పటి ఐదున్నర మీటర్లు, అంతకన్నా కొంచెం తక్కువో ఎక్కువో. పొడవు తగ్గించి కోస్తే కుచ్చిళ్ళన్నా తగ్గుతాయి, పైటన్నా పొట్టిదవుతుంది. కొనేముందు టేపు పెట్టి కొలవమనండి, రవిక గుడ్డ విడిగా.

ఇంటికి తెచ్చాక పాడుచేసుకునేవీ తక్కువేం కాదు. ఫాల్ గుడ్డను నానబెట్టి ఆరబెట్టకుండా కుడితే తొలి ఉతుకులో అది కుంచించుకుపోయి అంచును గుంజేస్తుంది. గంజి పెట్టిన నూలు చీరను నెలల తరబడి బీరువాలో ఉంచితే గంజికి పురుగు చేరుతుంది. దాచేముందు గంజి వదిలించాలి. పట్టు చీరను పాత పంచెలో చుట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చాలి. లేకపోతే జరీ ఒకే గీత దగ్గర విరుగుతుంది. కలరా ఉండలు జరీకి తగలకూడదు, సెంటు నేరుగా కొట్టకూడదు.

మీ పత్రికను మేము కోరేది చిన్నదే. చీర ఫొటో వేసినప్పుడు కింద ఒక వరుసలో ఏ ఊరి నేత, ఏ నూలు, చేనేతా మరమగ్గమా అని రాయండి. ప్రకటనలకూ అదే షరతు పెట్టండి. ‘పోచంపల్లి’ అని రాసేవాళ్ళు అది ప్రింటైతే ప్రింటు అని అంతే పెద్ద అక్షరాల్లో వెయ్యాలి. పాఠకులు కొన్నప్పుడు బిల్లు మీద ‘చేనేత’ అని, నూలు రకంతో సహా రాయించుకోవాలి. ఆ కాగితం లేకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళినా, జిల్లా చేనేత జౌళి శాఖ కార్యాలయానికి వెళ్ళినా ఫిర్యాదుకు ఆధారం ఉండదు.

ఇట్లు,
చేనేత చీరల పనిలో ఉన్న కొందరు పాఠకులు