కొలెస్ట్రాల్ తక్కువొస్తే అంతా బాగున్నట్టేనా, మంత్రి గారూ?

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను ప్రకాశం జిల్లా చీమకుర్తి దగ్గర ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. గ్రానైట్ క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసే కుర్రాళ్లు మా దగ్గరికి రక్తపరీక్షలకి వస్తుంటారు. వాళ్లలో గుట్కా, వక్కపొడి అలవాటున్నవాళ్లు కొందరు పళ్ల మధ్య నుంచే మాట్లాడతారు, నోరు పూర్తిగా తెరుచుకోదు, కూరలో కాస్త కారం తగిలినా మంటెత్తి మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటారు. డాక్టర్లు దీన్ని ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. వక్కలో ఉండే అరెకోలిన్ అనే రసాయనం వల్ల బుగ్గల లోపలి పొర కింద పీచు పేరుకుని గట్టిపడిపోతుంది. ఇది క్యాన్సర్ కాదు గానీ కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. పొగాకు కలపని ఒట్టి వక్క కూడా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004 నివేదికలోనే చెప్పింది.

నేను రాసేది ఈ రోగుల లిపిడ్ రిపోర్టుల గురించి, అంటే రక్తంలో కొవ్వు ఎంతుందో చూసే పరీక్షల గురించి. మా ఫారంలో టోటల్ కొలెస్ట్రాల్ ఎదురుగా "200 లోపు" అని ఉంటుంది, కాబట్టి 110 వచ్చినా దాని పక్కన ఏ గుర్తూ పడదు, ఆ అబ్బాయి "కొవ్వు లేదంటన్నా" అని సంతోషంగా వెళ్లిపోతాడు. కానీ మన దేశంలో జరిగిన చాలా అధ్యయనాల్లో ఈ జబ్బున్నవాళ్లకి టోటల్ కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అంటారే, అది) మామూలు వాళ్లకంటే తక్కువగా కనిపించాయి. వక్క, పొగాకు వల్ల పుట్టే ఫ్రీ రాడికల్స్ అనే హానికర అణువులు కణాల పొరల్లోని కొవ్వుని పాడుచేస్తాయి, ఆ పొరలు మళ్లీ కట్టుకోవడానికి రక్తంలోని కొలెస్ట్రాల్ ఖర్చవుతుందని ఒక వివరణ. నోరు మండి సరిగ్గా తినలేకపోవడం కూడా కారణం కావచ్చు. అన్ని అధ్యయనాల ఫలితాలూ ఒకేలా లేవు, లిపిడ్ పరీక్షతో ఈ జబ్బుని తేల్చేయమని నేను అనడం లేదు. నోరు చూసే తేల్చాలి. గుట్కా తినే 25 ఏళ్ల కుర్రాడికి కొలెస్ట్రాల్ బాగా తక్కువొస్తే మాత్రం, ఇతను ఏం తింటున్నాడు, ఎందుకు తినలేకపోతున్నాడు అని ఎవరో ఒకరు అడగాలి కదా సార్.

ఇంటింటి సర్వేకి వెళ్లే ఏఎన్ఎం అక్కలతో ఒక్క పని చేయించండి: నోరు తెరిపించి, ఆ మనిషి సొంత చేతి మూడు వేళ్లు నోట్లో నిలువుగా పడతాయో లేదో చూడమనండి. పైసా ఖర్చు లేదు. పట్టనివాళ్లకి పళ్ల డాక్టర్ పరీక్షతో పాటు లిపిడ్ ప్రొఫైల్, హిమోగ్లోబిన్, బరువు కూడా చూసి, మింగగలిగే బలమైన తిండి ఏం తినాలో చెప్పే ఏర్పాటు చేయండి. గుట్కా నిషేధమంటారా, పాన్ మసాలా ఒక ప్యాకెట్, పొగాకు ఇంకో ప్యాకెట్ కొని కలుపుకుంటున్నారు. పోలీసు దాడులతో పాటు ఆ ఒట్టి వక్క ప్యాకెట్ సంగతి కూడా చూడాలి.

ప్రైవేటు ల్యాబ్‌లకి కూడా ఒక సర్క్యులర్ పంపండి. డాక్టర్ కాని నేను రిపోర్టు చేతికిస్తూ ఏమైనా చెబితే "నీకెందుకు" అంటారు. మీ కాగితం ఉంటే ఒంగోలు సర్వజన ఆసుపత్రికి వెళ్లి నోరు చూపించుకోమని ధైర్యంగా చెప్పి పంపుతాను.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్, ప్రకాశం జిల్లా