టక్కుమనే పురుగుల ఇంటిపేరు

ఒరేయ్ శీనూ,

మొన్న నువ్వు ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశానని కోపం పెట్టుకోకు, అప్పుడు పురుగుల గొడవలో పడి ఉన్నాను. చిన్నప్పుడు మీ అరుగు మీద లైటు కిందికి వచ్చేవి గుర్తున్నాయా, వెల్లకిలా పడేస్తే టక్కుమని ఎగిరి బోర్లా పడేవి? క్లిక్ బీటిల్స్. రొమ్ము కింద ఒక ముల్లు, దాని ఎదురుగా ఒక గుంట ఉంటాయి, ముల్లు ఆ గుంటలోకి ఒక్కసారిగా జారినప్పుడే ఆ చప్పుడు.

వాటికి దాయాదులున్నాయి, యూక్నెమిడే కుటుంబం. ఫాల్స్ క్లిక్ బీటిల్స్ అంటారు కానీ నాకా పేరు అస్సలు నచ్చదు, వీటిలోనూ చాలా టక్కుమంటాయి కదా! రెండింటికీ తేడా భూతద్దం పెడితేగానీ తెలీదు. అసలు క్లిక్ బీటిళ్లకి పై పెదవి బయటికి కనిపిస్తుంది, వీటికి లోపలికి దాక్కుని ఉంటుంది. పొట్ట కింద కనిపించే ఐదు పలకలూ వీటికి అతుక్కుపోయి ఉంటాయి, వాటికైతే చివరిది కదులుతుంది.

నన్ను పట్టుకున్నది మాత్రం అనిస్చియా. కొన్ని మిల్లీమీటర్ల పురుగు, ఫ్రెంచ్ కీటక శాస్త్రవేత్త ఫ్లూతియో పేరు పెట్టాడు. ఒకప్పుడు దీన్ని అసలు క్లిక్ బీటిళ్లలోనే ఓ ఉపకుటుంబంగా లెక్కేశారు. 2007లో లారెన్స్, ఫిన్లాండ్‌కి చెందిన మువోనా, ఇంకొందరు కలిసి దాని పిల్లపురుగును వర్ణించి, డీఎన్ఏ కూడా చూసి, ఇది యూక్నెమిడేదే అని తేల్చారు. అమెరికాలో బీచ్ అనే రకం ముసలి చెట్ల మీద ఉండే పెరోథాప్స్ పురుగుదీ ఇదే కథ, దానికి ఏకంగా వేరే కుటుంబమే ఉండేది, ఇప్పుడు ఇందులో ఉపకుటుంబం.

అసలు ఈ కుటుంబంలో పిల్లపురుగుల్ని చూడాలిరా! చాలావాటికి కాళ్లే ఉండవు, తల చప్పగా చీలలా ఉంటుంది, దవడల పళ్లు లోపలికి కాకుండా బయటివైపుకి ఉంటాయి. కొరకడానికి కాదు, పుచ్చిన కర్రను పక్కలకి చీల్చుకుంటూ పోవడానికి. పెద్ద పురుగు ఒకటి అచ్చం ఇంకోదానిలా కనిపించి ఎంతైనా మోసం చేయొచ్చు, ఇలాంటి దవడలు మాత్రం ఊరికే రావు. అందుకే పెద్దవాటినే పిన్ను గుచ్చి పెట్టుకుని పిల్లల్ని వదిలేసే పద్ధతి చూస్తే నాకు బాధగా ఉంటుంది.

మీ పెరట్లో గాలికి పడిన పనస మాను ఇంకా అక్కడే ఉందా? నేను వచ్చేదాకా కట్టెలకి ఇచ్చెయ్యకు. బెరడు ఊడిన చోట ఒక ఫోటో తీసి పంపు, దగ్గర్నించి.

నీ
రవి